మాత్రకు ముందు, మాత్ర తర్వాత

కేస్ షీట్‌లో ఎస్.ఓ.ఎస్. (అవసరమైతే ఇవ్వండి) అని రాసిన ప్రతి మందూ డాక్టరు నర్సుకు అప్పగించి వెళ్ళిన నిర్ణయమే. "ఆల్ప్రజోలామ్ 0.25, ఎస్.ఓ.ఎస్." అని రాసి డాక్టరుగారు రౌండ్స్ ముగించుకుని వెళ్ళిపోతారు. ఆ అవసరం నిజంగా వచ్చిందో లేదో తేల్చుకోవలసింది రాత్రి డ్యూటీలో ఉన్న మీరే. స్ట్రిప్పులోంచి మాత్ర తీసి చేతిలో పెట్టడం అర నిమిషం పని. దానికి ముందు పావుగంటలో మీరేం చూడాలి, తర్వాతి గంటలో ఏం గమనించాలి అన్నదే ఈ అధ్యాయం.

థర్మామీటర్ పెట్టకుండా జ్వరం మాత్ర ఇవ్వం. ఇచ్చాక తగ్గిందో లేదో మళ్ళీ చూస్తాం. గాబరా దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పేషెంట్ ఆందోళనగా ఉన్నాడు, మాత్ర ఇచ్చాం" అన్న ఒక్క వాక్యంతో నోట్స్ అయిపోతాయి. ఎంత ఆందోళన, దేనివల్ల, మాత్ర వేశాక తగ్గిందా అని తెల్లారి డాక్టరు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇది మానసిక వైద్యశాలలో పనిచేసేవాళ్ళకే సంబంధించిన విషయమనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 30 కోట్ల మందికి పైగా ఆందోళన రుగ్మతలతో ఉన్నారు. వాళ్ళలో చాలామంది సైకియాట్రీ గడప తొక్కరు. ఛాతీ నొప్పి అని మెడికల్ వార్డుకి, కడుపులో మంట అని ఓపీకి, కాన్పుకి లేబర్ రూముకి వస్తారు. అంటే మీ దగ్గరికే వస్తారు.

మొదటి ప్రశ్న: ఇది ఆందోళనేనా?

దడ, ఆయాసం, చెమటలు, వణుకు. ఈ నాలుగూ పానిక్ అటాక్‌లో వస్తాయి. గుండెపోటులోనూ వస్తాయి, షుగర్ పడిపోయినా చాలావరకు ఇవే వస్తాయి. అందుకే "ఏం భయం లేదులెండి" అనడానికి ముందే మీ చేయి రోగి నాడి మీద ఉండాలి. పల్స్, బీపీ, శ్వాస, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ శాతం, గ్లూకోమీటర్ రీడింగ్: ఈ ఆరూ చూశాకే ఆందోళన అన్న మాట నోట్స్‌లోకి రావాలి. చూసేటప్పుడు మనసులో ఉంచుకోవలసినవి ఇవి.

షుగర్ తగ్గడం. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ సరిగా తినని రోగికి గాబరా వస్తే ముందు వేలి చుక్క రక్తం చూడండి. 70 కంటే తక్కువుంటే కావలసింది గ్లూకోజు.

ఆక్సిజన్ తగ్గడం. పాత ఆయాసం జబ్బు ఉన్నవాళ్ళు ఊపిరందక మంచం మీద నిలవలేకపోతుంటారు. దాన్ని గాబరా అనుకుని నిద్రమాత్ర ఇస్తే ఉన్న ఊపిరి కూడా మందగిస్తుంది.

గుండె. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే వెంటనే ఈసీజీ తీయించి డాక్టరును పిలవాలి. మధుమేహం ఉన్నవాళ్ళలో, పెద్ద వయసువాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పి అంతగా లేకుండా ఒట్టి ఆయాసం, చెమటలతోనే గుండెపోటు రావచ్చు.

రక్తస్రావం, గడ్డ కట్టడం. ఆపరేషన్ అయిన రోగి అటూ ఇటూ దొర్లుతూ అసహనంగా ఉంటే, పల్స్ పెరుగుతూ బీపీ దిగుతుంటే లోపల రక్తం పోతోందేమో అనుమానించాలి. ఆపరేషన్ తర్వాతో కాన్పు తర్వాతో ఒక్కసారిగా ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ చేరిందేమో ఆలోచించాలి.

థైరాయిడ్ ఎక్కువ కావడం. చేతుల వణుకు, బరువు తగ్గడం, వేడి ఓర్చుకోలేకపోవడం, నిద్రలో కూడా తగ్గని వేగమైన పల్స్.

మనమిచ్చిన మందులు. సాల్బుటమాల్ నెబులైజేషన్, డెరిఫిలిన్, స్టిరాయిడ్లు దడ, వణుకు తెస్తాయి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశాక కొందరు కూర్చోలేరు, పడుకోలేరు, కాళ్ళు ఆడిస్తూ "ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తోంది" అంటారు. ఆ మందు తెచ్చిన అస్థిమితమది. హలోపెరిడాల్‌తో కూడా వస్తుంది. డాక్టరుకు చెప్పేటప్పుడు మందు పేరు, ఇచ్చిన వేళ కలిపి చెప్పండి.

డెలీరియం. రాత్రి పూట ముసలాయన ఎక్కడున్నాడో తెలియక సెలైన్ పీకేసుకుంటుంటే అది ఇన్ఫెక్షన్, మూత్రం నిలిచిపోవడం, సోడియం తగ్గడం లాంటి వాటి పని కావచ్చు. ఆందోళన ఉన్న మనిషికి తానెక్కడున్నదీ తెలుస్తుంది. డెలీరియంలో ఉన్న మనిషికి తెలియదు. మద్యం గానీ నిద్రమాత్రలు గానీ మానడంవల్ల వచ్చినదైతే తప్ప, ఇందులో ఆల్ప్రజోలామ్ లాంటి బెంజోడయజెపైన్ మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది.

మద్యం సరే, కల్లు సంగతి అడిగారా?

అడ్మిషన్ రోజున "మందు తాగుతారా?" అని అడుగుతాం. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు "లేదమ్మా" అంటారు. అబద్ధం కాదది. వాళ్ళ దృష్టిలో కల్లు తాగడం మందు తాగడం కిందికి రాదు. చెట్టు కల్లు వేరు, దుకాణంలో అమ్మే మత్తు కల్లు వేరు. మత్తు కల్లులో ఆల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన కేసులు ఎన్నో పట్టుబడ్డాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు, అది దొరకని జనం వణుకుతో, పిచ్చి చూపులతో, ఫిట్స్‌తో నిజామాబాద్ ఆస్పత్రికీ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకీ బారులు తీరారు. ఏళ్ల తరబడి తెలియకుండానే ఒంట్లోకి వెళ్ళిన బెంజోడయజెపైన్ ఒక్కసారిగా ఆగిపోతే జరిగేది అదే.

కాబట్టి ప్రశ్న విడగొట్టి అడగండి. "కల్లు తాగే అలవాటుందా? రోజుకెన్ని సీసాలు? ఆఖరుసారి ఎప్పుడు తాగారు?" మద్యం మానిన లక్షణాలు సాధారణంగా ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. మతి తప్పే దశ 2, 3 రోజులకు వస్తుంది. కాలు విరిగి అడ్మిట్ అయిన మనిషి రెండో రాత్రి గాబరా పడుతున్నాడంటే ఈ లెక్క వేసి చూడండి. నిద్రమాత్రల అలవాటు గురించీ అడగండి. "నిద్ర పట్టడానికి మెడికల్ షాపులో ఏమైనా తెచ్చుకుంటారా?" అంటే చెబుతారు గానీ "మత్తు మందులు వాడతారా?" అంటే ఎవరూ చెప్పరు.

రోగి మాటల్లోనే వినండి

"నాకు ఆందోళనగా ఉంది" అని నోటితో అనేవాళ్ళు తక్కువ. "గుండెల్లో దడదడలాడిపోతోందమ్మా", "గ్యాస్ పైకి తంతోంది", "నరాల వీక్‌నెస్ అనుకుంటా", "కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతున్నాయి", "పానమంతా ఆగమాగమైతాంది సిస్టర్". ఇవన్నీ ఆ బాధకే దారులు. ఏ మాట వాడారో ఆ మాటే నోట్స్‌లో రాయండి, రేపు తగ్గిందా అని అడగాల్సింది కూడా ఆ మాటతోనే.

అడిగే ముందు కుర్చీ లాక్కుని కూర్చోండి. నిలబడి అడిగితే మీరు వెళ్ళిపోవడానికి తొందరపడుతున్నారని రోగికి అర్థమైపోతుంది. చుట్టూ బంధువులు గుమిగూడి ఉంటే "ఒక్క అయిదు నిమిషాలు బయట కూర్చోండి" అని పంపండి. అత్తగారి ముందు కోడలు, కొడుకు ముందు తండ్రి అసలు సంగతి చెప్పరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు వార్డులో అమలయ్యేది తెర లాగే మీ చేతిలోనే.

రేపు గర్భసంచి ఆపరేషన్ ఉన్న ఒకావిడ రాత్రి పదింటికి పిలిచిందనుకుందాం.

"నిద్ర పట్టట్లేదు సిస్టరమ్మా, గుండె ఝల్లుమంటోంది."

"ఎప్పటినుంచమ్మా?"

"సాయంత్రం సంతకం పెట్టించుకున్నారు కదా, అప్పట్నుంచి."

"అన్నిట్లోకీ దేని గురించి ఎక్కువ భయమేస్తోంది?"

"మా పక్కింటామెకి మత్తు సరిపోక మధ్యలో మెలకువ వచ్చిందంట."

నాలుగు మాటల్లో మూలం దొరికింది. ఈవిడకు ముందు కావలసింది మత్తు డాక్టరుతో రెండు నిమిషాల మాట. మాత్ర అవసరం పడితే ఆ తర్వాత. మీరు అడిగినవి చూడండి: ఎప్పటినుంచి, దేనివల్ల. ఇంకో రెండు కలపండి: ఇంతకుముందు ఇలా వచ్చిందా, వచ్చినప్పుడు ఏం చేస్తే తగ్గింది? "నీళ్ళు తాగి కాసేపు వరండాలో నడిస్తే తగ్గేది" అన్నారంటే చికిత్స సగం రోగే చెప్పినట్టు.

"ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అన్న మాట మాత్రం వద్దు. తన భయాన్ని మీరు లెక్కచేయలేదని రోగికి అనిపిస్తుంది. "మీకు భయంగా ఉందని నాకు తెలుస్తోంది. బీపీ, ఆక్సిజన్ చూశాను, బాగున్నాయి. నేను ఇక్కడే ఉన్నాను" అనండి. అందులో ఉన్నది తెలిసిన నిజం, కనిపించే తోడు.

ఎంత ఉంది?

అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లో రాసిన పుస్తకం నర్సుకూ రోగికీ మధ్య ఉండే సంబంధాన్నే చికిత్సగా నిలబెట్టింది. ఆందోళనను నాలుగు మెట్లుగా చూడటం కూడా ఆవిడ నేర్పిందే. నర్సింగ్ కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ నాలుగు మెట్లు వార్డులో మీరేం చేయాలో చెబుతాయి.

స్వల్పం: రోగి చురుగ్గా ఉంటాడు, ప్రశ్నలు ఎక్కువ వేస్తాడు. నేర్పడానికి ఇదే మంచి సమయం. ఇన్సులిన్ ఎక్కించుకోవడం, కుట్ల సంరక్షణ ఇప్పుడు చెప్పండి.

మధ్యస్థం: ధ్యాస ఒక్కచోటే ఉంటుంది, చెప్పింది సగం వింటాడు. పల్స్ కొంచెం పెరుగుతుంది. చిన్న వాక్యాలతో, ఒక్కొక్క విషయమే చెప్పండి.

తీవ్రం: చెప్పింది తలకెక్కదు, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటాడు, తల తిరుగుడు, వికారం ఉంటాయి. నేర్పే పని ఆపేయండి. పక్కనే ఉండండి. డాక్టరుకు చెప్పే దశ ఇదే.

పానిక్: చచ్చిపోతున్నానన్న భయం, పారిపోవాలన్న తొందర. ఒంటరిగా వదలకండి. వెలుతురూ చప్పుడూ తగ్గించండి. "నా వైపు చూడండి. నాతోపాటు ఊపిరి వదలండి" అన్నంత చిన్న మాటలు చాలు. పానిక్ అటాక్ కొన్ని నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరి తర్వాత దిగుతుంది. ఆ దిగే క్షణం దాకా మీ గొంతు నిలకడగా ఉండాలి.

అంకె కావాలంటే 2006లో వచ్చిన జీఏడీ–7 ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవాళ్ళను డాక్టరు వివరంగా పరీక్షించాలి. మాక్స్ హామిల్టన్ 1959లో తయారుచేసిన స్కేలులో 14 అంశాలు, మొత్తం 56 మార్కులు ఉంటాయి. దాన్ని రోగి పూరించడు, శిక్షణ ఉన్నవారు రోగితో మాట్లాడి మార్కులు వేస్తారు.

ఇవి వారాల లెక్కకు పనికొస్తాయి. ఈ రాత్రి లెక్కకు సున్నా నుంచి పది దాకా ఎంతుందని అడిగితే చాలు. చదువుకోని పెద్దవాళ్ళు ఈ అంకెల దగ్గర తికమకపడితే "రూపాయిలో ఎంత వంతు ఉంది పెద్దమ్మా? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడగండి. మాత్ర వేశాక కూడా అదే రూపాయితో అడగండి. "పావలా తగ్గింది" అన్న జవాబు నోట్స్‌లో రాయదగ్గ కొలతే.

జంకకుండా అడగవలసిన ప్రశ్న

ఆందోళన ఎక్కువగా ఉన్న ప్రతి రోగినీ చనిపోవాలన్న ఆలోచన గురించి అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. మెల్లగా మొదలుపెట్టండి. "ఇంత బాధలో ఎప్పుడైనా బతకడం ఎందుకు అనిపించిందా?" అవునంటే ఆగకండి. "చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎలా అని కూడా అనుకున్నారా? ఇంట్లో పురుగుమందు డబ్బా ఉందా?" జవాబు విని ఉలిక్కిపడకండి, ఒట్టు వేయించుకోకండి. డాక్టరుకు వెంటనే చెప్పండి, ఎవరో ఒకరు పక్కన ఉండేలా చూడండి, మంచం దగ్గర మాత్రలు, బ్లేడు, తాడు లేకుండా తీసేయండి. ఇలాంటి రోగులకు మాత్ర చేతికిచ్చి వెళ్ళిపోకూడదు. మింగేదాకా నిలబడాలి. పరుపు కింద రోజుకొకటి దాచుకున్న మాత్రలే ఒక రాత్రి ప్రమాదమవుతాయి.

మాత్రకు ముందు చేయగలిగినవి

ఊపిరి: ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలమనండి. మీరు కూడా చేస్తూ చూపించండి. కాగితం సంచిలోకి ఊపిరి వదిలించే పాత పద్ధతి వద్దు. రోగికున్నది గుండెపోటో ఉబ్బసమో అయితే అది ప్రాణాపాయం.

పరిసరాలు: ముఖం మీద పడే ట్యూబ్‌లైటు ఆర్పండి, ఏడుస్తున్న బంధువును బయట కూర్చోబెట్టండి, సాయంత్రం నుంచి టీ, కాఫీ ఎన్నిసార్లు తాగారో కనుక్కోండి.

సమాచారం: ఆస్పత్రిలో సగం భయం ఏం జరగబోతోందో తెలియకపోవడంవల్లే వస్తుంది. రేపు ఎన్నింటికి తీసుకెళ్తారు, ఎంతసేపు పడుతుంది, లేచేసరికి ఒంటికి ఏ గొట్టాలు ఉంటాయి అన్నది ముందే చెప్పండి.

వీటితో గాబరా రూపాయిలో పావలాకు దిగితే మాత్ర అక్కర్లేకపోవచ్చు. దిగకపోతే వెనకాడకుండా ఇవ్వండి. డాక్టరు రాసిన మందును అలవాటైపోతుందన్న సొంత భయంతో ఆపేసి రోగిని రాత్రంతా వేధించడం కూడా తప్పే.

ఏ మందు దగ్గర ఏం చూడాలి?

బెంజోడయజెపైన్లు. 1960లో క్లోర్‌డయజెపాక్సైడ్, 1963లో డయజెపామ్ మార్కెట్లోకి వచ్చాయి. రెండూ లియో స్టెర్న్‌బాక్ పరిశోధన ఫలితాలే. ఆల్ప్రజోలామ్, లోరాజెపామ్, క్లోనజెపామ్ కూడా ఈ కుటుంబానివే. మన దగ్గర ఎక్కువగా రాసే ఎటిజోలామ్ రసాయన నిర్మాణంలో కొంచెం వేరైనా జాగ్రత్తలు ఇవే. మెదడులో గాబా అనే శాంతపరిచే రసాయనం పనిని ఇవి పెంచుతాయి. అందుకే గంటలోపే గుణం కనిపిస్తుంది. ఆ వేగమే వీటి బలం, అలవాటు పడటానికి కారణం కూడా అదే. వీటిని 2 నుంచి 4 వారాలు మించి వాడకూడదని బ్రిటన్ మందుల భద్రతా కమిటీ 1988లోనే చెప్పింది.

ఇచ్చే ముందు శ్వాస లెక్కపెట్టండి. పిలిస్తే పలుకుతున్నాడో చూడండి. మద్యం తాగాడా, మార్ఫిన్, ట్రమడాల్, పెంటజోసిన్ లాంటి నొప్పి ఇంజెక్షన్ ఈ కొద్ది గంటల్లో పడిందా చూడండి. బెంజోడయజెపైన్లూ ఇలాంటి నొప్పి మందులూ కలిస్తే శ్వాస ఆగిపోయే ప్రమాదముందని అమెరికా ఔషధ సంస్థ 2016లో పెట్టె కట్టి మరీ హెచ్చరించింది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బు, మయస్థేనియా, గర్భం ఉంటే ఇవ్వకముందే డాక్టరుకు చెప్పండి.

డయజెపామ్ నరంలోకి ఇస్తే నిమిషానికి 5 మిల్లీగ్రాములు మించకూడదు. పెద్ద నరం ఎంచుకోండి, వేరే మందుతో ఒకే సిరంజిలో కలపకండి. కండలోకి చేస్తే ఎంత ఎక్కుతుందో ఎప్పుడెక్కుతుందో నమ్మకం లేదు. లోరాజెపామ్ ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలి, నరంలోకి నిమిషానికి 2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏది ఇచ్చినా అంబు బ్యాగు, ఆక్సిజన్ చేతికి అందేంత దూరంలో ఉండాలి. విరుగుడు ఫ్లుమాజెనిల్ ఉంది గానీ, ఏళ్ల తరబడి ఈ మాత్రలు వాడినవాళ్ళకు ఇస్తే ఫిట్స్ రావచ్చు. కల్లు చరిత్ర ఇక్కడ కూడా ముఖ్యమే.

ఎస్.ఎస్.ఆర్.ఐ.లు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పరోక్సిటిన్ లాంటివి. వారాలు, నెలలుగా సాగే ఆందోళన రుగ్మతకు ముందు ఎంచుకునే మందులు ఇవే. వెన్లాఫాక్సిన్, డ్యులోక్సిటిన్ వీటికి దగ్గరి చుట్టాలు. గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి, ఒక్కోసారి ఉన్న గాబరాయే పెరగడం మామూలు. ఆ సంగతి ముందే చెప్పకపోతే మూడో రోజుకే "ఈ మాత్ర పడలేదు" అని మానేస్తారు. 25 ఏళ్లలోపు వాళ్ళలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు గనుక కళ్ళు తెరిచి ఉండండి. పెద్ద వయసువాళ్ళు మందు మొదలైన కొద్దిరోజులకు నీరసించి తికమకగా మాట్లాడితే సోడియం పరీక్ష గురించి డాక్టరును అడగండి. రక్తం పలచబరిచే మందులు, నొప్పి మాత్రలు వాడేవాళ్ళలో రక్తస్రావం గమనించండి.

సర్జికల్ వార్డులో నర్సు తప్పక పట్టుకోవలసిన జంట ఒకటుంది. ఎస్సిటాలోప్రామ్ వాడుతున్న రోగికి నొప్పికని ట్రమడాల్ రాస్తారు, ఇన్ఫెక్షన్‌కని లినెజోలిడ్ రాస్తారు. సెరొటోనిన్ మోతాదు మించి వణుకు, చెమటలు, జ్వరం, విరేచనాలు, కండరాలు ఎగిరిపడటం రావచ్చు. పైకి అది కూడా గాబరాలాగే కనిపిస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రల సంచి అడ్మిషన్ రోజే తెరిచి చూడటం ఇందుకే.

ప్రొప్రనొలాల్. దడ, వణుకు తగ్గిస్తుంది, మనసులోని భయాన్ని కాదు. పల్స్ 60 కంటే, పై బీపీ 100 కంటే తక్కువుంటే ఆపి డాక్టరును అడగండి. ఉబ్బసం ఉంటే ఇవ్వకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్ళలో షుగర్ తగ్గిన దడను కప్పేస్తుంది, చెమట ఒక్కటే గుర్తుగా మిగలవచ్చు.

బుస్పిరోన్, హైడ్రాక్సిజైన్. బుస్పిరోన్ అలవాటు కాదు, మత్తు తక్కువ. రోజూ వేసుకుంటే 2 నుంచి 4 వారాలకు పనిచేస్తుంది గనుక ఎస్.ఓ.ఎస్.గా ఇచ్చి లాభం లేదు. హైడ్రాక్సిజైన్ మత్తునిస్తుంది, నోరు ఎండుతుంది, ఈసీజీలో క్యూటీ పెరిగినవాళ్ళకు పనికిరాదు.

పేర్ల దగ్గర జాగ్రత్త. హైడ్రాక్సిజైన్ ఆందోళనకు, హైడ్రాలజైన్ బీపీకి. బుస్పిరోన్ ఆందోళనకు, బుప్రోపియాన్ డిప్రెషన్‌కు. లోరాజెపామ్, క్లోనజెపామ్ చేతిరాతలో ఒకేలా కనిపిస్తాయి. చుక్కకు ముందు సున్నా లేకుండా .25 అని రాస్తే 25 అని చదివే ప్రమాదముంది. రాసేటప్పుడు 0.25 అనే రాయండి, అనుమానమొస్తే ఫోన్ చేసి అడగండి.

మాత్ర తర్వాత గంట

నోటి మాత్ర ఇచ్చిన అరగంట నుంచి గంటలోపు తిరిగి వెళ్ళండి. శ్వాస, పల్స్, మెలకువ, రూపాయిలో ఎంత తగ్గిందన్నది చూడండి. నరంలోకి ఇస్తే మొదటి పావుగంట అక్కడి నుంచి కదలొద్దు. మంచం రెయిలింగులు ఎత్తండి. పెద్దవాళ్ళకైతే బాత్రూముకు ముందే తీసుకెళ్ళి రండి, చెప్పులు, నీళ్ళు, పిలుపు గంట చేతికి అందేలా పెట్టండి. మాత్ర వేశాక చీకట్లో బాత్రూముకు లేచి పడి తుంటి విరగ్గొట్టుకోవడం వార్డుల్లో తరచూ జరిగేదే.

నోట్స్ ఇలా ఉండాలి: "రాత్రి 10.10. గుండె ఝల్లుమంటోందన్నారు. మత్తు గురించి భయం. పల్స్ 104, బీపీ 130/84, శ్వాస 22, ఉష్ణోగ్రత మామూలు, ఆక్సిజన్ 98, షుగర్ 112. ఆందోళన మధ్యస్థం, 10కి 7. మత్తు డాక్టరు వచ్చి మాట్లాడారు, శ్వాస వ్యాయామం చేయించాం. 10.40కి 10కి 6. ఆల్ప్రజోలామ్ 0.25 నోటి ద్వారా ఇచ్చాం. 11.30కి 10కి 2, పల్స్ 84, శ్వాస 16, పిలిస్తే పలుకుతున్నారు." ఇది చదివిన డాక్టరుకు ఇంకో ప్రశ్న మిగలదు.

మాత్ర వేశాక శాంతించకుండా తిట్టడం, లేచి తిరగడం ఎక్కువైతే రెండో మాత్ర ఇవ్వకండి. కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, పెద్దవాళ్ళలో, ఈ మందు తిరగబడుతుంది. డాక్టరును పిలవండి.

ఇంటికి పంపేటప్పుడు

చీటీ చేతికిచ్చి "వాడండి" అంటే సరిపోదు. అయిదు మాటలు చెప్పి, తిరిగి చెప్పించుకోండి.

ఒకటి: ఎస్.ఎస్.ఆర్.ఐ. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, నాలుగు వారాల దాకా ఓపిక పట్టాలి, బాగయ్యాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు కొనసాగించాలి.

రెండు: ఏ మాత్రనూ ఒక్కసారిగా ఆపకూడదు. చాలా రోజులు వాడిన ఆల్ప్రజోలామ్ ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పట్టదు, వణుకు వస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మోతాదు మెల్లగా దించేది డాక్టరే.

మూడు: మద్యం, కల్లు తోడు కాకూడదు. మత్తు మాత్ర వేసుకుని బండి నడపకూడదు, పొలంలో మోటారు దగ్గరికి వెళ్ళకూడదు.

నాలుగు: పాత చీటీతో మెడికల్ షాపులో కొనుక్కోవద్దు. ఆల్ప్రజోలామ్, డయజెపామ్ షెడ్యూల్ హెచ్1 మందులు. షాపువాళ్ళు చీటీ చూసి, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మరీ అమ్మాలి. పక్కింటివాళ్ళ మాత్ర పంచుకోవడం అసలే వద్దు.

ఐదు: అర్ధరాత్రి గాబరా ఎక్కువైతే టెలీ మానస్ 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన ఉచిత సేవ ఇది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. నంబరు చీటీ మీద మీ చేత్తో రాసివ్వండి.

ఈ నెల చేయండి

జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. పేజీకి నాలుగు గడులు గీయండి: మాత్రకు ముందు అంకె, కారణం, మాత్ర కాకుండా చేసింది, గంట తర్వాత అంకె. రోగి పేరు వద్దు. నెలాఖరుకు ఒకసారి తిరగేయండి. మాత్ర లేకుండానే ఎందరికి తగ్గింది, ఏ కారణం మళ్ళీ మళ్ళీ వస్తోంది అన్నది తెలుస్తుంది. ఆపరేషన్ ముందు రాత్రి భయాలే ఎక్కువుంటే, మత్తు డాక్టరు సాయంత్రం పూట వచ్చి మాట్లాడే ఏర్పాటు చేయమని ఇన్‌చార్జి సిస్టర్‌ను అడగడానికి మీ దగ్గర ఆధారముంటుంది. ఒకే రోగికి వరసగా మూడు రాత్రులు మాత్ర అవసరమైతే, తెల్లారి రౌండ్స్‌లో ఆ అంకెలే డాక్టరుకు చదివి వినిపించండి. ఆ రోగికి కావలసింది నాలుగో రాత్రి ఇంకో మాత్రా, సైకియాట్రిస్టు సలహానా, లేక ఇంతవరకు ఎవరూ వెతకని జబ్బుకు పరీక్షా అన్నది ఆయన ఆ అంకెలు విన్నాకే తేల్చగలరు.